నెల తప్పాక ఇస్తే ఆలస్యమైపోయే మాత్ర: రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా వైద్యాధికారులకు నమస్కారం.

గర్భిణుల్లో ఎంతమందికి మాత్రలు ఇచ్చారో మీ లెక్కల్లో ఉంటుంది. మొదటి మాత్ర ఎప్పుడు వేసుకున్నావమ్మా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. బీ విటమిన్లలో ఒకటైన ఫోలిక్ యాసిడ్ విషయంలో అసలు ప్రశ్న అదే. బిడ్డ మెదడు, వెన్నుపాము సక్రమంగా ఏర్పడటానికి ఈ మాత్ర పనికొచ్చే గడువు చాలా చిన్నది. ఆ మాత్ర మన ఏర్పాట్ల ద్వారా ఆమె చేతికి వచ్చేసరికి తరచూ ఆ గడువు దాటిపోతోంది. దీన్ని గర్భిణుల మాత్రగా కాక, గర్భం రావడానికి వీలున్న ప్రతి ఆడమనిషి మాత్రగా చూడాలని, పెళ్లయిన నాటినుంచే ఇంటికి చేర్చాలని అడగడానికే ఈ లేఖ.

తేదీలు వేసి చూద్దాం. ఒకామెకు జూన్ 1న నెలసరి వచ్చిందనుకోండి. 28 రోజులకోసారి క్రమంగా వచ్చే మనిషి అయితే జూన్ 15 ప్రాంతంలో అండం ఫలదీకరణ చెందుతుంది. జూన్ 29న రావాల్సిన నెలసరి రాదు. ఒక వారం చూద్దాంలే అనుకుంటుంది, జూలై మొదటి వారం గడుస్తుంది. ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ (గర్భ నిర్ధారణ కిట్) తీసుకుని పరీక్ష చేసుకునేసరికి జూలై 8 అనుకుందాం. అప్పటికి లోపల పని దాదాపు అయిపోవచ్చింది. బిడ్డ వీపు మీద బల్లపరుపుగా ఉన్న పొర కజ్జికాయ అంచులు మడిచి నొక్కినట్టు మడతపడి, రెండంచులూ కలిసి గొట్టమవుతుంది. అదే న్యూరల్ ట్యూబ్. మెదడు వైపు చివర ఫలదీకరణ జరిగిన 25వ రోజు ప్రాంతంలో మూసుకుంటుంది, నడుము వైపు చివర 28వ రోజు లోపు. అంటే జూలై 13కి ముగిసిపోయింది. ఆమె పేరు గర్భిణిగా నమోదై, కార్డు రాసి, స్ట్రిప్పు చేతిలో పెట్టేది పదో వారంలో అయితే అది ఆగస్టు 10. నాలుగు వారాల కిందటే మూసుకోవాల్సిన చోటు మూసుకుందో లేదో తేలిపోయింది. పన్నెండు వారాల లోపు నమోదు చేయించామని మనం సంతోషించే కేసు కూడా ఫోలిక్ యాసిడ్ లెక్కలో ఆలస్యమైన కేసే.

పై చివర మూసుకోకపోతే అనెన్‌సెఫలీ. పుర్రె పైభాగం, మెదడులో ఎక్కువ భాగం ఏర్పడవు, బిడ్డ బతకదు. కింద ఎక్కడైనా తెరుచుకుని ఉండిపోతే స్పైనా బిఫిడా. అందులో తీవ్రమైన రకం మెనింగోమైలోసీల్: నడుము దగ్గర పలుచని తిత్తి, అందులో వెన్నుపాము, నరాలు. పుట్టిన రెండు మూడు రోజుల్లో ఆపరేషన్ చేసి మూయాలి. మూసినంత మాత్రాన దెబ్బతిన్న నరాలు తిరిగి రావు. చాలామందికి కాళ్లలో బలం ఉండదు, మూత్రం, విరేచనం మీద అదుపు ఉండదు. తలలో నీరు చేరితే దాన్ని బయటికి మళ్లించే గొట్టం (షంట్) వేయాలి, అది మూసుకుపోతే మళ్లీ ఆపరేషన్. రోజుకు నాలుగైదుసార్లు సన్నటి గొట్టంతో మూత్రం తీయడం ఆ తల్లి నేర్చుకోవాలి, బిడ్డ పెరిగాక బిడ్డ నేర్చుకోవాలి. అలా తీయకపోతే కిడ్నీలు పాడవుతాయి. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే వెయ్యి జననాలకు సుమారు నాలుగింటిలో న్యూరల్ ట్యూబ్ లోపాలున్నాయి. గోధుమ పిండిలో ఫోలిక్ యాసిడ్ తప్పనిసరిగా కలపడం మొదలుపెట్టాక కెనడాలో ఈ లోపాలు వెయ్యికి 1.58 నుంచి 0.86కు తగ్గాయి.

ఇది కొత్త సంగతేమీ కాదు. అంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గిందని ఏడు దేశాల్లో జరిగిన బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి (ఎంఆర్‌సీ) పరీక్ష 1991లోనే తేల్చింది. మొదటి కాన్పుల్లోనూ పనిచేస్తుందని మరుసటి ఏడాది హంగరీ పరీక్ష చూపింది. రోజుకు 400 మైక్రోగ్రాములు చాలని 1999లో చైనా నుంచి రుజువొచ్చింది. గర్భం రాకముందు నుంచి మొదటి మూడు నెలలు పూర్తయ్యేదాకా రోజూ 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవాలని రక్తహీనత తగ్గించడానికి కేంద్రం తెచ్చిన ఎనీమియా ముక్త్ భారత్ 2018 నాటి మార్గదర్శకాల్లో కూడా రాసి ఉంది. రాసి ఉన్న ఆ ఒక్క వాక్యానికి కొనుగోలు, పంపిణీ, రిజిస్టరు ఉండాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఐరన్ మాత్రలకు ఉన్న యంత్రాంగంలో పదో వంతు కూడా దీనికి కనబడదు.

ఆ మాటకొస్తే ఈ మందు మీద మనకు కొంత హక్కు కూడా ఉంది. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద బ్రిటిష్ డాక్టరు లూసీ విల్స్ చేసిన పరిశోధనతో దీని జాడ తెలిసింది. 1945లో దీన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ లేబొరేటరీస్ బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు మనకు పోటీ పరీక్షల బిట్టుగా మాత్రమే మిగిలింది.

ఇప్పుడు మాత్రల సంగతి. ఇళ్లలో వీటన్నిటికీ ఒకటే పేరు, 'రక్తం మాత్రలు' లేదా 'బలం బిళ్లలు'. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలోనూ, గర్భిణికి నాలుగో నెల నుంచి రోజూ ఇచ్చే ఎర్ర మాత్రలోనూ 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఐరన్ వల్ల వికారం, మలబద్ధకం, నల్లటి విరేచనం. బిడ్డ నల్లగా పుడుతుందనీ, మరీ లావైపోయి కాన్పు కష్టమవుతుందనీ భయాలు వేరే. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఉన్న చిన్న పసుపు మాత్రకు ఈ బాధలేవీ సాధారణంగా ఉండవు. కానీ వేవిళ్ల రోజుల్లో ఎర్ర మాత్ర వాంతి చేయించిందని మానేసిన ఆమె పసుపుదీ పక్కన పెట్టేస్తుంది. అందుకే రెండూ ఒకే కవరులో పెట్టి ఇవ్వొద్దు. మొదటి మూడు నెలలు ఐరన్ లేని మాత్ర వేరుగా, వేరే పేరుతో, వేరే రోజు ఇవ్వండి.

ఇక్కడే ఇంకో లోపం. పెళ్లికాని ఆడపిల్లలకు, ఇంకా గర్భం రాని కోడళ్లకు వారానికొక మాత్రతో పని నడుస్తుందని అనుకుంటున్నాం. రక్తహీనతకు అది కొంత నడుస్తుంది. వెన్నుపాము రక్షణకు చాలదు. వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రలో 2.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. 400ను ఏడుతో గుణిస్తే వచ్చేది అదే. మన మాత్రలో ఉన్నది 500 మైక్రోగ్రాములు, అంటే ఒక్క రోజుకు సరిపడేదాన్ని వారమంతటికీ పంచుతున్నాం. ఈ మాత్ర కూర్పు మార్చడం కేంద్రం చేతిలో ఉన్న పని. అయినా రాష్ట్రాలు రాతపూర్వకంగా అడగనిదే అది కదలదు.

రేషన్ బియ్యం మీద భారం వేసి ఊరుకుందామన్నా లెక్క కుదరదు. ఫోర్టిఫైడ్ (పోషకాలు కలిపిన) బియ్యం ప్రమాణం ప్రకారం కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే మనిషికి అందేది 30 నుంచి 50, అంటే కావాల్సినదాంట్లో ఎనిమిదో వంతుకు మించదు. అదీ ఎసట్లో పెట్టకముందు లెక్క. గంజి వార్చేస్తే ఇంకొంత పోతుంది. దీనికి తోడు వందకు ఒకటి చొప్పున కలిపిన ఆ గింజలు కాస్త పాలిపోయిన రంగులో ఉండి, కడిగేటప్పుడు పైకి తేలుతుంటే 'ప్లాస్టిక్ బియ్యం' అని చేటలో ఏరి పారబోసే ఇళ్లు ఎన్నో. ఏరవద్దని డీలర్ దగ్గరే చెప్పించండి, కానీ దాన్ని మాత్రకు బదులుగా లెక్క వేయకండి. 

ఆకుకూరలు తింటే చాలదా అంటారు. తోటకూర, పాలకూర, మెంతికూర, శనగలు, పెసలు, కంది, వేరుశనగ, అన్నిట్లోనూ ఫోలేట్ (ఈ విటమిన్ తిండిలో ఉండే రూపం) ఉంది, తప్పకుండా తినాలి. కానీ అది నీళ్లలో కరిగిపోయేది, వేడికి తగ్గిపోయేది. కూర ఉడకబెట్టి నీళ్లు పారబోస్తే చాలా భాగం ఆ నీళ్లతోనే పోతుంది. మిగిలినది కూడా మాత్రలో ఉన్నదంత బాగా ఒంటికి పట్టదు. తరిగాక కడగకుండా ముందే కడిగి, తక్కువ నీళ్లతో మూత పెట్టి మగ్గించి, పప్పులో వేసి ఆ నీటితో సహా తినడం మంచి పద్ధతి. మాత్ర మాత్రం మానకూడదు.

ఇంటి లోపల ఏం జరుగుతుందో చూడకుండా చేసే పంపిణీ నిలవదు. కొత్త కోడలు రోజూ ఏదో మాత్ర వేసుకుంటోందంటే అత్తగారికి మొదట వచ్చే అనుమానం, పిల్లలు పుట్టకుండా వేసుకుంటోందని. అది కాకపోతే, ఈ పిల్లకేదో లోపం ఉంది, మాకు చెప్పకుండా చేశారని. ఆ చూపుకు భయపడి స్ట్రిప్పును బీరువాలో చీరల కింద దాచి మర్చిపోతారు. కాబట్టి ఆశా కార్యకర్త మాత్రను కోడలి చేతిలో చాటుగా పెట్టి రావడం తప్పు పద్ధతి. అత్తగారు, భర్త ఉన్నప్పుడే ఇవ్వాలి. 'ఇది గర్భం ఆపే మాత్ర కాదు అత్తమ్మా, రాబోయే మనవడికో మనవరాలికో వెన్ను, మెదడు బాగా కట్టడానికి ఇప్పటినుంచే వేసుకోవాలి' అని ఆమెతోనే ముందు చెప్పాలి. అదే మాట స్ట్రిప్పు మీద పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి. ఇంగ్లిష్‌లో రసాయనం పేరు మాత్రమే ఉన్న స్ట్రిప్పు ఆ ఇంట్లో ఎవరినీ ఒప్పించలేదు.

ఎవరికి ఇవ్వాలో తెలియడం రెండో చిక్కు. పెళ్లయిన అమ్మాయి పుట్టింటి ఊరి లెక్కలోంచి జారిపోతుంది, అత్తవారి ఊరి దంపతుల రిజిస్టరులోకి ఎక్కడానికి నెలలు పడుతుంది. మధ్యలో ఆషాఢం వస్తే మళ్లీ పుట్టింట్లోనే ఉంటుంది, అక్కడి ఏఎన్‌ఎంకు ఆమె తన పరిధి మనిషి కాదు. సరిగ్గా ఈ నెలల్లోనే చాలామందికి మొదటి గర్భం వస్తుంది. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి సబ్‌సెంటర్ ఆధార్, చిరునామా పేచీ పెట్టకుండా 90 మాత్రలు ఇవ్వాలని ఒక సర్క్యులర్ చాలు. ఆషాఢానికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలను వెతికి ఇవ్వడం ఏ ఆశా కార్యకర్తకైనా సులువు, ఊళ్లో ఎవరి కూతురు వచ్చిందో ఆమెకు తెలియకుండా ఉండదు. తెలంగాణలో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ దరఖాస్తులు తహసీల్దార్ కార్యాలయానికి వస్తాయి. చెక్కు ఇచ్చే రోజుదాకా ఆగకుండా దరఖాస్తు అందిన వారమే ఆ పేరు పీహెచ్‌సీకి చేరితే సమయం మిగులుతుంది.

మొదటి కాన్పు వాళ్లను ఎలాగోలా పట్టుకున్నా, రెండో కాన్పు వాళ్లు జారిపోతారు. కాపర్-టి తీయించుకోవడానికి వచ్చినామె, గర్భనిరోధక మాత్ర మాలా-ఎన్ ఆపేస్తానన్నామె, గర్భనిరోధక అంతర ఇంజెక్షన్ ఇక వద్దన్నామె, వీళ్లు ముగ్గురూ మళ్లీ గర్భం కోసం చూస్తున్నామని నోటితో చెప్పకుండానే చెబుతున్నారు. ఆ గదిలోనే, ఆ నిమిషంలోనే మాత్రలు ఇవ్వాలి. వీలైతే కాపర్-టి తీయడానికి రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టించాలి, ఎందుకంటే రోజుకు 400 మైక్రోగ్రాములతో ఎర్ర రక్తకణాల్లో తగినంత ఫోలేట్ చేరడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

మోతాదు దగ్గర పొరపాట్లు ఎక్కువ. మెడికల్ షాపులో ఫోలిక్ యాసిడ్ అడిగితే సాధారణంగా ఇచ్చేది 5 మిల్లీగ్రాముల మాత్ర. అది 400 మైక్రోగ్రాములకు పన్నెండున్నర రెట్లు. ఏ ప్రత్యేక కారణమూ లేని మనిషి దాన్ని నెలల తరబడి వేసుకోనక్కర్లేదు. పెద్దవాళ్లకు మాత్రల రూపంలో రోజుకు 1 మిల్లీగ్రాము దాటకూడదన్నది సాధారణ పరిమితి. మించితే ప్రమాదం ఏమిటంటే, బీ12 లోపం ఉన్నవాళ్లలో రక్తం బాగుపడినట్టు కనబడుతుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. శాకాహారం తినే ఇళ్లలో బీ12 లోపం మామూలే గనుక అరికాళ్ల తిమ్మిర్లు, విపరీతమైన నీరసం ఉన్నామెకు బీ12 పరీక్ష చేయించాలి, లేదా దాన్ని కూడా కలిపి ఇవ్వాలి. అలాగని 400 దొరకలేదని ఏదీ వేసుకోకుండా ఉండటం అంతకంటే నష్టం. ఒకరోజు మర్చిపోతే మర్నాడు ఒకటే వేసుకోవాలి, రెండు కాదు. అన్నానికి ముందైనా తర్వాతైనా ఫరవాలేదు. ఫోలేట్‌లోనే మరో రూపమైన ఖరీదైన మిథైల్‌ఫోలేట్ మాత్రలు, ఒళ్లు ఫోలేట్‌ను వాడుకోవడంలో పాత్ర ఉన్న ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువు పరీక్షలు రాసే ప్రైవేటు డాక్టర్లకూ ఇక్కడే ఒక విన్నపం: వెన్నుపాము లోపాలు తగ్గిస్తుందని పరీక్షల్లో రుజువైనది మామూలు ఫోలిక్ యాసిడే.

ఐదు మిల్లీగ్రాములు ఎవరికి కావాలంటే: అంతకుముందు ఇలాంటి లోపంతో గర్భం వచ్చినవాళ్లకు, దంపతుల్లో ఒకరికి స్వయంగా ఆ లోపం ఉన్నప్పుడు, మూర్ఛకు వాల్ప్రోయేట్, కార్బమజెపిన్ వంటి మందులు వాడేవాళ్లకు, ముందునుంచీ షుగర్ ఉన్నవాళ్లకు, సికిల్ సెల్, తలసీమియా అనే వంశపారంపర్య రక్త వ్యాధులు ఉన్నవాళ్లకు, బాగా లావుగా ఉన్నవాళ్లకు, డాక్టరు చూసి రాయాలి. పన్నెండు వారాలు దాటాక మామూలు మోతాదుకు దిగాలి. ఈ మోతాదు కోసం మల్టీవిటమిన్ బిళ్లలు నాలుగైదు కలిపి వేసుకోకూడదు, విటమిన్ ఏ మోతాదు మించి అదే బిడ్డకు హాని చేస్తుంది. వాల్ప్రోయేట్ వాడే ఆడపిల్లలకు ఫోలిక్ యాసిడ్ పూర్తి కవచం కాదు. గర్భానికి ముందే మందు మార్చే అవకాశం చూడాలి, సొంతంగా ఆపేస్తే ఫిట్స్‌తో ప్రాణం మీదికి వస్తుంది. కీళ్లవాతం వంటి జబ్బులకు ఇచ్చే, ఫోలేట్‌కు అడ్డుపడే మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్లు ముందు డాక్టర్ని కలవనిదే గర్భం మాటే అనుకోకూడదు. మేనరికం వల్ల వచ్చే జన్యు వ్యాధులను ఈ మాత్ర ఆపదన్నది కూడా స్పష్టంగా చెప్పాలి. అన్నిటికీ పనిచేస్తుందని చెప్పి, రేపు వేరే లోపంతో బిడ్డ పుడితే ఊరంతా మాత్ర మీద నమ్మకం పోతుంది. సరిగ్గా వేసుకున్నా న్యూరల్ ట్యూబ్ లోపాలన్నీ ఆగవు, అందుకే మొదటి మూడు నెలల్లో చేసే ఎన్‌టీ స్కాన్, 18 నుంచి 20 వారాల్లో బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్ మానకూడదు.

పైన చెప్పినవాళ్లలో మొదటి వరుస మీద మా పట్టు ఎక్కువ. ఒకసారి ఇలా జరిగిన తల్లికి మళ్లీ జరిగే అవకాశం మామూలు కంటే చాలా ఎక్కువ, నూటికి మూడు దాకా. వీళ్లను వెతకాల్సిన పనే లేదు, ప్రతి ఒక్కరూ మన చేతుల మీదుగానే వెళ్తున్నారు. టిఫాలో లోపం కనబడి గర్భం తీయించుకున్నామె డిశ్చార్జ్ చీటీలో యాంటీబయాటిక్, ఐరన్, కాల్షియం ఉంటాయి, 'రెండు వారాల తర్వాత రండి' అని ఉంటుంది. తర్వాతి గర్భానికి మూడు నెలల ముందు నుంచి ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు అన్న వరుస ఉండదు. మెనింగోమైలోసీల్‌తో పుట్టిన బిడ్డను ఆపరేషన్‌కు తీసుకెళ్తే ఇంకా విచిత్రం. అక్కడ కేస్ షీటు బిడ్డ పేరు మీద ఉంటుంది, తల్లి ఆ వార్డులో పేషెంటు కాదు, ఆమెకు మందు రాయడం ఎవరి పనీ కాదు. కాన్పు చేసిన డాక్టరు ఆపరేషన్ చేసేవాళ్లు చెబుతారనుకుంటారు, వాళ్లు కాన్పు డాక్టరు చెప్పే ఉంటారనుకుంటారు. ఆమె ఏడాది తిరక్కుండా మళ్లీ గర్భంతో వస్తుంది, ఏడో వారంలో, చేతిలో ఏ మందూ లేకుండా.

కొనుగోళ్ల మాటకొస్తే, రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వాసుపత్రులకు మందులు కొనే సంస్థలు ఏపీఎంఎస్‌ఐడీసీ, టీజీఎంఎస్‌ఐడీసీ 400 మైక్రోగ్రాముల మాత్రను విడిగా టెండరులో పెట్టాలి. వెలుతురు, తేమ తగిలితే ఫోలిక్ యాసిడ్ పాడవుతుంది. డబ్బాలోంచి లెక్కపెట్టి కాగితం పొట్లంలో వేసి ఇచ్చే పద్ధతి దీనికి పనికిరాదు. అల్యూమినియం స్ట్రిప్పే ఉండాలి, ముప్పై రోజులకొకటి. ఒక్కో దంపతులకు మొదట మూడు స్ట్రిప్పులు ఇచ్చి, గర్భం వచ్చేదాకా నింపుతూ పోవాలి, వచ్చాక మరో మూడు. తల్లీబిడ్డల కార్డులో ఒక్క గడి చేర్చండి: 'ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టింది: గర్భానికి ముందు / నెల తప్పాక / ఇంకా లేదు'. జిల్లా సమీక్షల్లో ఆ మొదటి గడి శాతం అడగడం మొదలుపెడితే మాత్ర దానంతటదే ముందుకు జరుగుతుంది. ఎన్ని మాత్రలు పంచారన్న లెక్కతో మాత్రం ఎప్పటికీ జరగదు.

టెండర్లకు, కార్డు అచ్చుకు నెలలు పడతాయని తెలుసు. డిశ్చార్జ్ చీటీకి అదేమీ అక్కర్లేదు. 5 మిల్లీగ్రాముల మాత్ర ఇప్పటికే దొరుకుతోంది. న్యూరల్ ట్యూబ్ లోపంతో గర్భం ముగిసిన, బిడ్డ పుట్టిన, బిడ్డకు ఆపరేషన్ జరిగిన ప్రతి కేసులో తల్లి పేరుతో వేరే చీటీ రాసి, మాత్రలు చేతికిచ్చి, ఆమె ఊరి ఏఎన్‌ఎంకు ఫోన్ చేసి చెప్పే బాధ్యత ఫలానా వార్డు ఫలానా సిస్టర్‌దని బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు, జిల్లా ఆసుపత్రులకు ఈ నెలలోనే ఉత్తర్వు ఇవ్వండి. గత మూడేళ్ల ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్లు, స్కానింగ్ రికార్డులు తిరగేసి పాత కేసుల్లోని తల్లులకు కూడా కబురు పెట్టించండి.

ఇట్లు,
ప్రసూతి, పిల్లల శస్త్రచికిత్స, ఫార్మసీ, గ్రామీణ ఆరోగ్య సేవల్లో పనిచేస్తున్న కొందరం